మొక్కులేని నడక

మా అమ్మ రొమ్ములో గడ్డను ఎన్నాళ్లు పైట కింద దాచిపెట్టిందో మాకు ఇప్పటికీ తెలియదు. పూతలపట్టు దగ్గర పల్లెలో, అది పుండై చీము కారేదాకా కన్నకూతుళ్లకు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "చెప్పుకునే జబ్బా ఇది?" అంది. అమ్మ పోయింది గానీ ఆ మాట మీద నా కోపం పోలేదు.

అందుకే ముప్పై ఎనిమిదేళ్లప్పుడు నా ఎడమ రొమ్ము చేతికి గట్టిగా తగిలితే నేను దాచలేదు. అప్పుడు తిరుపతిలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. సెలవు చీటీ రాసి పడేసి, మా ఆయన్ని వెంటబెట్టుకుని మద్రాసు బస్సెక్కాను. రొమ్ముకు ఫిలిమ్ తీసే మిషను ఉందంటే అప్పట్లో మాకు అక్కడే.

పెద్ద వయసు డాక్టరమ్మ ఆ ఫిలిమును వెలుతురుకు పట్టి చూపించింది. అంతా తెలుపే.

"ఇప్పటికి గడ్డేమీ లేదమ్మా. కాకపోతే నీ రొమ్ములు దట్టమైనవి. అది జబ్బు కాదు, కొందరి ఒంటి తీరే అంత. చిక్కేమంటే, రేపు గడ్డ పుట్టినా అదీ తెల్లగానే ఉంటుంది. పెరుగన్నంలో కొబ్బరిముక్కను వెతికినట్టు. ఇట్లాంటి వాళ్లకు ఆ జబ్బు భయం కూడా కొంచెం ఎక్కువే."

నెలకొకసారి నా చేత్తో నేనే చూసుకోవాలంది. మూడు వేళ్లు చాపి, దోసె పిండి తిప్పినట్టు నడుమ నుంచి అంచు దాకా గుండ్రంగా. ఒళ్లు పెంచుకోవద్దు, నూనె తగ్గించు, రోజూ నడువు అంది.

"నడిస్తే ఈ దట్టం తగ్గుతుందా?"

"తగ్గుతుందని మాటివ్వలేను. నువ్వు మాత్రం గట్టిగా ఉంటావు."

అబద్ధం చెప్పని డాక్టరు దొరికిందని నాకు ధైర్యం వచ్చింది.

ఇక నడక. తెల్లారకముందే లేచి అలిపిరి దాకా పోయి రావాలని లెక్క వేసుకున్నాను. రెండో రోజే ఎదురింటావిడ గేటు దగ్గర ఆపింది. "ఏం మొక్కుకున్నావమ్మా, పొద్దన్నే కొండ దిక్కు పోతా ఉండావు?" నేను నోరు తెరిచేలోగా మా అత్త వాకిట్లోంచి అందుకుంది. "మనవడి పరీచ్చలకు మొక్కుకోనుండాది."

అత్త అట్లా ఎందుకు అనుకుందో గానీ నేను కాదనలేదు. ఒళ్లు బాగుండాలని ఆడది రోడ్డున పడి నడిస్తే మా వీధి వీధంతా నవ్వేది. మొక్కు అనేసరికి సైకిళ్లవాళ్లు కూడా పక్కకు తప్పుకుని దోవ ఇచ్చారు. పొద్దుటి కాఫీ, టిఫిను పని అత్తే తన మీద వేసుకుంది. పెళ్లయిన పదహారేళ్లకు నాకంటూ ఒక గంట దొరికింది, నేనెందుకు వదులుకుంటాను?

రాత్రి పూట పూరీలు, బజ్జీలు మానేసి రాగిసంగటి కెలికాను. "టౌనుకొచ్చి కూడా సంగటేందే?" అంది అత్త. "మొక్కత్తా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఎన్ని పనులు జరిపించుకున్నానో చెబితే మీరు నన్ను మెచ్చుకోరు. నెల నెలా తలుపు గడియ వేసుకుని చేత్తో చూసుకోవడం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మూడో ఏడు వేసవి సెలవుల్లో వేళ్ల కింద ఒకటి తగిలింది. చింతగింజంత. మర్నాడే మద్రాసులో ఉన్నాం.

పాత డాక్టరమ్మ రిటైరైపోయింది. ఆ గదిలో చిన్న వయసు డాక్టరు ఉన్నాడు. కొత్త ఫిలిము తీయించి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఏమీ లేదమ్మా, నిశ్చింతగా ఇంటికి పోండి."

"ఉండాది" అన్నాను.

"ఫిలిములో కనపడలేదు కదమ్మా."

"దాంట్లో కనపడదని ఈ గదిలోనే చెప్పినారు సార్ నాకు. మూడేండ్లుగా నెల తప్పకుండా చూసుకుంటా ఉండాను. పోయిన నెల లేదు, ఈ నెల ఉండాది. ఈడ చూడండి."

ఆయన చేయి పట్టుకుని వేళ్లను సరిగ్గా ఆ చోటుకు తీసుకుపోయాను. మా ఆయన గోడకున్న క్యాలెండరు వైపు తిరిగిపోయాడు. డాక్టరు ఆ చోటునే మళ్లీ నొక్కి చూసి, గడ్డలోంచి కాస్త తీసి పరీక్షకు పంపాలని నర్సును పిలిచి సూది తెమ్మన్నాడు.

అది క్యాన్సరే. ఎడమ రొమ్ము తీసేశారు. ఏడ్చాను, ఎందుకు ఏడవను? కానీ చంకలోకి పాకలేదు. కట్టు విప్పిన రోజు ఆ డాక్టరు తన వెంట వచ్చిన విద్యార్థులతో, "దీన్ని పట్టుకున్నది నేను కాదు, ఈవిడే" అన్నాడు. నాకు ఎంత గర్వం వేసిందంటే, మంచం మీద నుంచి లేవకూడదని చెప్పినా లేచి కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్త గడపలో టెంకాయ కొట్టింది. "నీ మొక్కు ఊరికే పోలేదే. స్వామి కాపాడినాడు" అంటూ కళ్లు తుడుచుకుంది.

ఇంక దాచడం నా వల్ల కాలేదు. "మొక్కేం లేదత్తా. మూడేండ్లూ నీకు అబద్ధం చెప్పినాను. నా రొమ్ముకు భయపడి నడిసినాను. గడ్డ నా చేతికే తగిలింది. మా అమ్మ మాదిరి దాచుకోకుండా పోయి చెప్పినా, అందుకే బతికినాను."

ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. అత్త తలుపు మూసి గడియ వేసింది. వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుని పైట తీసి పక్కన పెట్టింది.

"ఎట్ల సూసుకోవాలనో నాకూ సెప్పు" అంది.

ఏడుగురిని కని, ఏడుగురికీ పాలిచ్చిన మనిషి. తన రొమ్ము మీద తన చేయి వేసుకోవడానికి సిగ్గుపడి తల వంచుకుంది. నేను ఆమె చేయి అందుకుని మూడు వేళ్లూ చాపించాను.

"మెల్లిగా అత్తా, తొందరేం లేదు" అన్నాను.