కోటలోని తమ్ముడు అనని మాట

2003లో పటాన్‌చెరులో, ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు మీద, ఆరు కంప్యూటర్లతో నాకు ఒక నెట్ సెంటర్ ఉండేది. గేమ్ ఆడీ ఆడీ మల్లేశన్న చెడిపోయాడని ఆ వాడలో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మల్లేశన్నది ముత్తంగి. రసాయనాల కంపెనీలో పని. కూతురి ఎంసెట్ ఫలితం చూసుకోవడానికి వచ్చి, పక్క సిస్టంలో నడుస్తున్న గేమ్ దగ్గర ఆగిపోయాడు. రాజులు, మాంత్రికులు, కొండకోటల కథ అది. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు, అంటే కథలో ఒక పాత్ర మనమే. అందులో కత్తి కన్నా మాటకే పని ఎక్కువ. ఎదుటివాడు ఏదో అంటాడు. కింద నాలుగైదు జవాబులు వస్తాయి, అవే డైలాగ్ ఆప్షన్లు. మనం ఒకటి ఎంచుకునే దాకా అతను కదలడు.

"మనం మాట్లాడేదాంక గట్లనే నిలవడ్తడా?"

"ఎంతసేపైనా నిలవడ్తడన్నా."

"మా ఇంట్ల ఒక్కలన్న ఆగుతరా తమ్మీ? నేను నోరు తెరిసేలోపట టీవీ పెడ్తరు."

ఆ రోజు నుంచి మొదటి షిఫ్టు దిగగానే టిఫిన్ డబ్బాతో వచ్చేవాడు. అతనికి ఇంగ్లిష్ రాదు. పక్కన కూర్చొని నేనే తెలుగులో చెప్పేవాణ్ణి, రాజుల కథ కదా అని నాటకాల భాషలో. "నీ నోట్ల తేనె ఉన్నది తమ్మీ" అని మురిసిపోయేవాడు.

కథలో హీరో మీద అలిగిన తమ్ముడు ఒక కోటలో తలుపు వేసుకొని ఉంటాడు. అక్కడికి చేరాక మల్లేశన్న ముందుకు పోలేదు. కథను ఒకచోట దాచుకోవడాన్ని సేవ్ అంటాం, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టడం లోడ్. మాట బెడిసికొడితే లోడ్ చేసి ఇంకో మాట అనొచ్చు. అతణ్ణి కట్టిపడేసింది అదే. భానూర్‌లో ఉండే అతని సొంత తమ్ముడు సత్తయ్య, డ్యూటీలో ఉండి తండ్రిని దవాఖానకు ఆలస్యంగా తీసుకెళ్లాడట. "నాయినను నువ్వే సంపినవ్" అని శవం దగ్గర, అందరి ముందూ అన్నాడు మల్లేశన్న. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కోటలోని తమ్ముడు ఏ జవాబుకూ కరగలేదు. కరిగే దారి ఆ గేమ్‌లోనే లేదు. నేను అంతకుముందే చివరిదాకా ఆడాను, నాకు తెలుసు. చెప్పలేదు. ఒకరోజు తెర మీద "నాకు అన్న లేడు, వెళ్లిపో" అని ఉంటే, "నీ మాట విన్నాను అన్నా, తలుపు తీస్తున్నాను" అని చదివాను. జాలితోనే చదివాను. మల్లేశన్న కళ్లు తుడుచుకుంటుంటే కొంచెం గర్వం కూడా కలిగింది.

"ఏ మాటకు తీసిండు? మల్లొకసారి చెప్పు."

"సోదరా, నా అపరాధం మన్నించు. నీ ద్వారం ముందు నిలిచి యాచిస్తున్నాను."

పెదాలు కదుపుతూ బట్టీపట్టాడు. ఎందుకో నాకు అర్థమైంది. అయినా ఆపలేదు.

ఆ ఆదివారం భానూర్ వెళ్లాడు. తిరిగి నా షాపుకే వచ్చాడు.

"గేటు కాడనే ఆ మాటన్న. సత్తిగాని పెండ్లాం ఫక్కున నవ్వింది. వాడు నవ్వలే. 'తిట్టిన నాడు నీ మాటలే ఉండె గద. మాఫీ అడగనీకి ఎవని మాటలో తెచ్చినవా? తమాషా చేస్తున్నవా నాతోని?' అన్నడు. గేటేసిండు."

ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చొని తెర వైపు చూపించాడు.

"ఆ కోట కాడిది పెట్టు. ఉన్నది ఉన్నట్టు చదువు."

లోడ్ చేసి చదివాను. నాకు అన్న లేడు, వెళ్లిపో.

"మొన్న గూడ గిదే ఉండెనా?"

"గిదే ఉండెనన్నా."

కుర్చీని నెమ్మదిగా లోపలికి తోసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు పని మానేసి హత్నూర వైపు పోయాడని విన్నాను. గేమ్ పిచ్చి పట్టిందని జనం అంటుంటే నేనూ తలూపాను. నా పేరు బయటికి రాకుండా ఉండడానికి ఆ మాట పనికొచ్చింది.

ఆ గేమ్ అతనికి చెరుపు చేయలేదు. అతను మాట వెతుక్కునే దాకా ఆగింది, అంతే. వెతుక్కోనివ్వకుండా నా మాట అతని నోట్లో పెట్టింది నేను.

ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతున్నాను. దవాఖాన రిపోర్టులు పట్టుకొని "జెర ఏమున్నదో చదువు సారూ" అని వస్తారు. ఉన్నదే చదువుతాను. తర్వాత, వాళ్లు ఏదైనా అనే దాకా ఆగుతాను.