నకలు ఒక నూలు పొట్టి

మంగళవారం ఉదయం వేలూరులో మా చెప్పుల కంపెనీ ఆఫీసులో సాంపిళ్ళు చూస్తుండగా అత్త ఫోన్ చేసింది. "పాపా, మీ మామ పోయినాడమ్మా. టిఫిన్ తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కుర్చీలో కూచున్నాడు. అంతే" అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. నా చేతిలో ఉన్న బూటు కుట్టు చూడడం సగంలో ఉంది. అది పూర్తి చేసి, కాగితం మీద రాసి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో నాకిప్పటికీ తెలియదు. గుడియాత్తం బస్సులో కూర్చున్నాక మాత్రం అనిపించింది, మామ ఉంటే అదే చెయ్యమనేవాడని.

ఆయన మా అమ్మకు తమ్ముడు. మా వాళ్ళంతా గుడియాత్తం బజారులో బట్టల వ్యాపారం చేసేవాళ్ళు. మామ ఒక్కడే పదో తరగతి కాగానే లేత్ మిషన్ దగ్గరికి పోయాడు. చేతులకు గ్రీజుతో ఇంటికొస్తే మా తాత పంచె పక్కకు లాక్కునేవాడట. మామ పని ప్లాస్టిక్ బొమ్మలకు అచ్చులు కోయడం. రెండు ఉక్కు దిమ్మెల్లో బొమ్మ ఆకారాన్ని లోతుగా చెక్కాలి. ఒకదానిలో ముందు భాగం, ఇంకోదానిలో వెనక భాగం. ఆ రెండూ మూసి మధ్యలోకి కరిగిన ప్లాస్టిక్ తోస్తే బొమ్మ వస్తుంది. దిమ్మెలు సరిగ్గా కలవకపోతే బొమ్మ పక్కల పొడుగునా గీత లేస్తుంది. మామ మొదట చూసేది ఆ గీతనే.

ఎలక్షన్లు వస్తే బొమ్మల పని ఆపి పార్టీల పని చేసేవాడు. జేబుకు పెట్టుకునే బ్యాడ్జీలు, బల్ల మీద పెట్టుకునే చిన్న విగ్రహాలు. రెండు పార్టీలవాళ్ళూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇద్దరు నాయకులూ ఒకే బెంచి మీద పక్కపక్కన పడుకుని ఉండేవారు. బయట వాళ్ళ మనుషులు ఒకరి పోస్టర్ మీద ఒకరు పోస్టర్ అంటించుకుంటుండేవారు. ఒకసారి ఒక వార్డు సెక్రటరీ వచ్చి, మా తలైవర్ వాళ్ళ తలైవర్ కంటే పొడుగ్గా ఉండాలని పట్టుబట్టాడు. మామ తల ఎత్తకుండానే, "పొడుగు చేస్తే కాళ్ళు సన్నమైపోతాయి అన్నా. మీ ఆయన స్టేజి మీదనే పడిపోతాడు. పరవాలేదా?" అన్నాడు. సెక్రటరీ ఆలోచించి, సమానంగా చెయ్యమన్నాడు. ఇంకొకరు నాయకుడి చెయ్యి పైకీ కిందికీ కదలాలన్నారు. దానికి మామ ఒప్పుకోలేదు. కీలు పెట్టిన ప్రతిచోటా బొమ్మ బలహీనమవుతుందని, అవసరం లేని కీలు పెట్టకూడదని ఆయన పట్టుదల.

నాకు ఉద్యోగం వచ్చాక సూపర్ హీరో బొమ్మలు సేకరించడం మొదలుపెట్టాను. మా ఇంట్లో పెద్దవాళ్ళకు అది పిచ్చిగా కనిపించింది. మామకు మాత్రం పనిగా కనిపించింది. కొత్త బొమ్మ కొన్నప్పుడల్లా గుడియాత్తం తీసుకుపోయేదాన్ని. ఆయన ముఖం చూసేవాడు కాదు. తిప్పి వీపు చూసేవాడు. "ముందర పక్క అందరూ బాగనే చేస్తారు పాపా. యాడ కర్చు మిగిలించుకున్నాడో వీపులో తెలస్తాది" అనేవాడు. తరవాత మోచేయి వంచి, వదిలి, అది వంచినచోటే నిలుస్తుందా అని చూసేవాడు. కంటి గుడ్డు కుంచెతో దిద్దిందా, అచ్చు వేసిందా అని భూతద్దం పెట్టేవాడు. చివరకు బొమ్మను బల్ల మీద నిలబెట్టి, బల్లను గట్టిగా ఒక్క చరుపు చరిచేవాడు. బొమ్మ పడిపోతే, "తానే నిలబడలేనోడు ఇంగ ఎవర్ని కాపాడతాడు?" అని నవ్వేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదే నేను ఇంటర్నెట్‌లో రాసేదాన్ని: ఫలానా కంపెనీ బొమ్మకు కీళ్ళు గట్టివి, రంగు పలచన, ఫలానాదానికి ముఖం బాగుంది, పాదాలు చిన్నవి. కొన్నాళ్ళకు వేలూరు చుట్టుపక్కల బొమ్మలు సేకరించేవాళ్ళు, కొనేముందు నన్ను అడగడం మొదలుపెట్టారు. అది నాకు చాలా నచ్చింది.

ఒక ఆదివారం వేలూరులో ఒక చిన్న హాలులో మేమంతా కలిశాం. ఆ రోజు పోలిక రాగి రంగు కవచం వేసుకున్న ఒక వీరుడి బొమ్మల మధ్య. ఒక బ్యాంకు ఉద్యోగి తన పాత బొమ్మ తెచ్చాడు. నేను కొత్తగా ఒక డీలరు దగ్గర కొన్నది తెచ్చాను. నాది ఇరవైకి పైగా కీళ్ళున్నది, భుజం మీద గుడ్డతో కుట్టిన అంగవస్త్రం ఉన్నది. నాదే మేలని అప్పటికే రాసేశాను కూడా. అదే రోజు మామ కంటి ఆస్పత్రికి వచ్చి ఉన్నాడు. పరీక్ష కోసం కళ్ళలో చుక్కలు వేశారు. నల్ల అద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ హాలుకొచ్చాడు. నేను గర్వంగా నా బొమ్మ ఆయన చేతిలో పెట్టాను.

వీపు తడిమాడు. చంక కింద గోరు పెట్టి గీత వెదికాడు. తరవాత బ్యాంకు ఉద్యోగి బొమ్మను అడిగి తీసుకుని, రెండింటినీ వీపుకు వీపు ఆనించి బల్ల మీద నిలబెట్టి, రెండు తలల మీదా అరచెయ్యి పెట్టాడు. చెయ్యి నా బొమ్మవైపు కాస్త వాలింది.

"ఇది నకలు పాపా" అన్నాడు. "నూలు పొట్టిగా ఉండాది."

అంగుళంలో ఎనిమిదో వంతును మా వైపు నూలు అంటారు. హాలులో అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ముఖం మండిపోయింది.

"కళ్ళల్లో మందేసుకుని, ఎదురుగా ఉన్న మనిషే కనపడకుండా ఉంటే నీకేం తెలుస్తుంది మామా?" అన్నాను.

"కండ్లకు ఏసినారు. వేళ్ళకు మందు ఏయలేదు గదమ్మా" అన్నాడు, మెల్లగానే.

కొందరు నవ్వారు. మామను ఎగతాళి చేసి కాదు, నన్ను చూసే నవ్వారు. నేను ఆయన్ని బయటికి తీసుకెళ్ళి ఆటో ఎక్కించాను. బస్టాండు దాకా తోడు పోవలసింది. పోలేదు. చూపు సరిగా లేని మనిషి గుడియాత్తం బస్సు ఏదో పదిమందిని అడిగి ఎక్కాడని తరవాత అత్త చెప్పింది. ఆయన చెప్పలేదు.

ఇంటికొచ్చి కొలిచి, అసలు కంపెనీ చెప్పిన ఎత్తుతో పోల్చాను. మామ చెప్పినంతే తేడా ఉంది. నెల తిరక్కముందే కవచం మీది రంగు వేళ్ళకు జిగటగా అంటుకోసాగింది. నాకు తెలుసు. తెలిసీ నేను రాసింది అలాగే ఉంచాను. దిద్దితే, ఇంత కాలం నన్ను నమ్మినవాళ్ళు ఏమనుకుంటారని భయం. గుడియాత్తం పోవడం మానేశాను. పండగలకు పని ఉందని చెప్పాను. మామ ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని. దాదాపు ఏడాది ఇట్లా గడిచింది.

ఒక రోజు తిరువలం నుంచి ఒక టీచరమ్మ ఫొటో పంపింది. నేను రాసింది చదివి అదే డీలరు దగ్గర అదే బొమ్మ కొన్నదట. ఆడుకుంటుంటే భుజం దగ్గర విరిగింది. విరిగినచోట ప్లాస్టిక్ సూదిలా ఉంది. ఆమె కూతురి అరచేతికి కట్టు కట్టి ఉంది. ఆమె నన్ను ఏమీ అనలేదు. "మీరు మంచిదన్నారు కదా మేడమ్, ఇది సరిచేయించవచ్చా?" అని మాత్రం అడిగింది.

ఆ మరుసటి ఆదివారమే గుడియాత్తం వెళ్ళాను. మామ ఇంటి వెనక షెడ్డులో బెంచి ముందు కూర్చుని ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు. నన్ను చూసి, "అన్నం తిన్నావా?" అన్నాడు. ఏడాదిగా ఎందుకు రాలేదని అడగలేదు. ఫొటో చూపించాను. ఆ చిన్న చేతి కట్టును చాలాసేపు చూశాడు.

"హాలులో అంత గట్టిగా ఎట్లా చెప్పగలిగావు మామా? చూడకుండానే" అన్నాను.

"ఎందుకంటే నేనూ అట్లాంటివి చేసినాను గాబట్టి."

అప్పుడు చెప్పాడు. పెళ్ళికి ముందు, పని నేర్చుకున్న షెడ్డులో యజమాని విదేశీ బొమ్మ ఒకటి తెచ్చి, దీని నకలు దించమన్నాడట. ప్లాస్టిక్ చల్లారితే కుదించుకుంటుంది. అసలు చేసేవాడు ఆ కుదింపు లెక్కేసి అచ్చును కాస్త పెద్దదిగా కోస్తాడు. నకలు చేసేవాడు తయారైన బొమ్మ కొలతలకే అచ్చు కోస్తాడు, కనక అతని బొమ్మ ఇంకోసారి కుదించుకుంటుంది. "నకలు ఎప్పుడూ నూలు పొట్టి. ఎంత బాగా చేసినా అంతే" అన్నాడు మామ. ఆయన దించిన వీరుడి చేతిని మణికట్టు దగ్గర సన్నని మేకుతో కలిపారు. ఆ మేకు లావుగా ఉండాలని ఆయనకు తెలుసు. యజమాని వద్దన్నాడు, ఈయన ఊరుకున్నాడు.

"నేతగాళ్ళ వీధిలో ఒక బిడ్డ ఆ చెయ్యి కొరికి మింగేసినాది పాపా. గొంతులో ఇరుక్కునింది. వేలూరు ఆస్పత్రికి ఎత్తుకోనిపోయినారు. నేనూ పోయినా వెనకాల్నే. బతికినాది. ఇప్పుడు ఆమెకే బిడ్డలుండారు."

"యజమాని ఏమన్నాడు?"

"సరుకు అంగళ్ళకు పోయినాది, ఇంగేం చేస్తాము, విడుప్పా అన్నాడు. నేను విడవలేదు. సైకిలేసుకోని గుడియాత్తంలో ప్రతి అంగడికీ పోయినా. లత్తేరికి పోయినా, తిరువలానికి పోయినా. నేను చేసినది సరిలేదు, తిరిగి ఇచ్చేయండప్పా అని అడిగినా. కొందురు ఇచ్చినారు. కొందురు తిట్టినారు. ఒగాయన నా సైకిల్ గాలి తీసేసినాడు."

నేను రాసింది తప్పని ఒప్పుకుంటే నా పేరు పోతుంది మామా అన్నాను. పోదని ఆయన అంటాడనుకున్నాను.

"పోతాది" అన్నాడు. "నాకూ పోయింది. పని కూడా పోయింది. ఆర్నెల్లు చొక్కా గుండీలకు అచ్చులు కోస్తా కూచున్నా. గుండీలు చేసేది కూడా సులువు కాదులే."

ఆ సాయంత్రం షెడ్డులో కూర్చునే రాశాను. నా బొమ్మ నకలని, ఆ సంగతి నాకు ఏడాది కిందటే తెలుసునని, ఎవరూ దాన్ని పిల్లలకు ఇవ్వవద్దని. ఏడాది కిందటే తెలుసన్న మాట రాయడమే కష్టమైంది. మామకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదివేది తమిళమే. నేను రాసింది తమిళంలోనే అయినా, చదివి వినిపించమన్నాడు. విని, "టీచరమ్మకు ముందు ఫోన్ చెయ్యి. నెట్‌లో పెట్టేది తరవాత" అన్నాడు. చేశాను. ఆమె అంతా విన్నది. తరవాత, చెప్పినందుకు సరే అని పెట్టేసింది. మళ్ళీ ఎప్పుడూ నాకు ఫోన్ చేయలేదు.

చాలామంది నన్ను అడగడం మానేశారు. ఇప్పటికీ కొందరు పలకరించరు. బ్యాంకు ఉద్యోగి మాత్రం చెయ్యి ఊడిన ఒక పాత బొమ్మ తెచ్చి, మామ దీనికి చెయ్యి చేసిస్తారా అని అడిగాడు. మామ చేశాడు. అక్కణ్నుంచి ఆయన చివరి ఏళ్ళ పని అదే అయింది: పోయిన చేతులు, విరిగిన కాళ్ళు, ఊడిన చెవులు. ఏదీ అసలుదని చెప్పి అమ్మకూడదని షరతు. అతికించినచోట లోపలివైపు చిన్న చుక్క పెట్టేవాడు, ఇది తరవాత చేసిందని తెలియడానికి. మణికట్టు మేకు మాత్రం ఎప్పుడూ అసలుదానికన్నా లావుగా వేసేవాడు. మణికట్టు అందం కాస్త చెడుతుందని నేను రెండుసార్లు అన్నాను. విననట్టే మేకు దిగ్గొట్టాడు.

హాలు రోజున అన్న మాటకు నేను క్షమించమని అడగలేదు. అడగడానికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఏదో ఒక బొమ్మ చేతిలో పెట్టి, "దీని వీపు చూడు" అనేవాడు. చూస్తూ కూర్చునేదాన్ని. దానితోనే సరిపోయిందని నేను అనుకుంటున్నాను. ఆయన ఏమనుకున్నాడో తెలియదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, బంధువులు భోజనాలు చేస్తుండగా అత్త కనిపించలేదు. వెదుకుతూ షెడ్డు దగ్గరికి పోయాను. మోర్ధానా కొండల వైపు నుంచి మబ్బు దిగుతోంది, గాలి తడిగా ఉంది. అత్త నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన కొబ్బరినూనె గిన్నె. ఒళ్ళో పాత లుంగీ ముక్క. ఉక్కు దిమ్మెలను ఒక్కొక్కటే తెరిచి నూనె గుడ్డతో తుడుస్తోంది. ఒక దిమ్మెలో లోతుగా ఒక ముఖం, దాని జతలో ఒక వీపు.

"ఎందుకత్తా ఇప్పుడు?" అన్నాను.

"వాన వస్తా ఉండాది గదమ్మా. తుప్పు పట్టిపోతాయి" అంది. వేలికి గుడ్డ చుట్టి, ఆ ముఖంలో ముక్కు ఉన్న గుంట దాకా పోనిచ్చి, మెల్లగా తుడవసాగింది.