పొత్తిగుడ్డలు

మా ఇళ్ళలో పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయరు. పురుడు వెళ్ళేదాకా పాత గుడ్డే. అవ్వ చీరనో తాత పంచెనో, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినదాన్ని చించి, ఎండబెట్టి, అందులో చుడతారు. కొత్త బట్టలో గంజి ఉంటుంది. మగ్గం మీది పడుగు నూలుకు గంజి పట్టించే నేత ఇంట్లో పుట్టి, అటువంటి ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. గంజి బట్ట లేత ఒంటిని ఎట్లా గీరుతుందో నాకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఎమ్మిగనూరులో మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. మగ్గం గుంట పూడ్పించి బండలు పరిపించాను. ఆ చోటికి వచ్చేసరికి కాలు తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. మా ఆయన పోయాక ఆయన పంచెల్లో చిరిగినవి చిరిగినట్టు వాడేశాను. మసిగుడ్డకు, పాలు వడగట్టడానికి, దీపం ఒత్తులకు. నేను దేన్నీ పారేసే మనిషిని కాదు. చిరగని రెండింటిని మాత్రం ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచాను. ఆ రెండూ ఆయన తన చేత్తో నేసుకున్నవి. మనవరాలి కాన్పుకు పనికొస్తాయని అందరితో చెప్పేదాన్ని.

ఆ కాన్పు ఆదోనిలో అయింది. పంచెలు పట్టుకుని బస్సెక్కాను. నా కూతురు వాటిని ఆసుపత్రి మంచం మీద పెట్టనివ్వలేదు.

"ఈ గుడ్డల్లో ఇప్పుడెవరు సుడతాండారమ్మా? డాక్టరమ్మ సూస్తే అరుస్తాది. డైపర్లు తెచ్చినాము గదా."

"మీరంతా యాటిలో పెరిగినారు?"

"పెరిగినాములే. నువ్వు మళ్ళా పెట్టెలో పెట్టుకో పో."

పెట్టెలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఒక రోజు పక్కింటి టీవీలో యుద్ధం చూపించారు. ఆ దేశం పేరు నాకు నోరు తిరగలేదు. ఇళ్ళన్నీ కూలిపోయి జనం గుడారాల్లో ఉన్నారు. ఒక చిన్నపిల్ల, మొన్ననే కన్నట్టుంది, బిడ్డను మగవాళ్ళ కోటులో చుట్టుకుని కూర్చుంది. ఆమె వెనక లారీలోంచి పిండి మూటలు, కొత్త దుప్పట్లు దించుతున్నారు. పక్కింటామె "పాపం" అని చానెల్ మార్చింది. నా కళ్ళలో ఆ కోటు ఉండిపోయింది.

ఎంత లేని ఇంట్లోనైనా బిడ్డను చుట్టడానికి ఒక పాత గుడ్డ ఉంటుంది. కోసిగి వైపు నుంచి సుగ్గికని దూరాల కోత పనులకు వలసపోయే ఆడవాళ్ళు కూడా చంకలో బిడ్డతో పాటు గుడ్డల మూట ఒకటి పట్టుకునే బస్సెక్కుతారు. కొత్తవి ఎవరైనా ఇస్తారు. పాతది ఇల్లే ఇవ్వాలి. ఇల్లు కూలితే అదీ పోతుంది.

మా వీధి చివరి బడిలో ఆ గుడారాల్లోని తల్లీబిడ్డలకు సామాన్లు పోగుచేస్తున్నారని మైకులో చెప్పారు. ఆదోనికి చేరుస్తారట, అక్కడి నుంచి లారీలో పోతాయట. నేను పంచెలు రెండూ తీసి, చదరపు ముక్కలుగా చించి, నీళ్ళలో ఉడకబెట్టి, మంచి ఎండలో ఆరబెట్టాను. మూట కట్టుకుని పోయి పంతులమ్మ ముందు పెట్టాను.

"అవ్వా, ఇవి పాతవి గదా."

"పాతవే. అందుకే తెచ్చినా."

"పాతబట్టలు తీసుకోమవ్వా. కొత్తవి, కవర్లో ఉండేవి అయితేనే."

"పుట్టిన బిడ్డకు కొత్తబట్ట ఏస్తారా యాడన్నా? మీయమ్మ నిన్ను దేంట్లో సుట్టింది?"

పంతులమ్మ నవ్వింది. నా వెనక సబ్బుల పెట్టెతో నిలబడిన ఒక షావుకారు భార్య నవ్వలేదు.

"పాతగుడ్డలిచ్చి పుణ్యం కొట్టేద్దామని వచ్చింది అవ్వ. మా ఇంట్లో మసిగుడ్డలు శానా ఉండాయి, తెచ్చేదా?"

"తే. నువ్వు కట్టుకున్న చీర కన్నా నా పంచె తెల్లగుంది, సూసుకో."

పంతులమ్మ నా చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. అక్కడ ఒక మూల కుప్ప పడి ఉంది. చంకలు చిరిగిన రవికెలు, గుండీలు లేని ప్యాంట్లు, మరకల దుప్పట్లు.

"ఇవన్నీ ఇచ్చిపోయినారవ్వా. మనుషులకిచ్చేవేనా ఇవి? అందుకే పాతవి వద్దని పెట్టుకున్నాము. నీవి మంచివే. నీవి తీసుకుంటే ఇవెట్లా వద్దనేది?"

నాకు నచ్చలేదు, కానీ ఆమె మాటలో న్యాయముంది. ఇల్లు పోయిన మనిషికి చిరిగిన రవికె పంపినవాళ్ళను నాలుగు తిట్టి, నా మూట నేను తీసుకుని వచ్చేశాను. ఆసుపత్రిలో ఒకసారి, బడిలో ఒకసారి. ఆయన పంచెకు చోటు లేదని ఇద్దరూ మర్యాదగానే చెప్పారు.

మూట గడప పక్కన పెట్టాను. పెట్టెలో మళ్ళీ పెట్టడానికి చేతులు రాలేదు. చించిన గుడ్డ ఇక పంచె కాదు. అటు బిడ్డకూ పోలేదు, ఇటు ఆయనదీ కాకుండా పోయింది.

మర్నాడు పక్కవీధిలో ఇంకా మగ్గం ఆడుతున్న ఇంటికి పోయి కొత్త తెల్లబట్ట కొన్నాను. బేరమాడే కొన్నాను. దానమైతే మాత్రం బేరమెందుకు మానాలి? దాన్ని నానబెట్టి, బండ మీద బాది, గంజి మొత్తం పోయేదాకా మళ్ళీ మళ్ళీ జాడించాను. ఆ తర్వాత కొత్త గుడ్డ పైనా కిందా పెట్టి, మధ్యలో పంచె ముక్కలు పరిచి, చిన్న చిన్న బొంతలు కుట్టడానికి కూర్చున్నాను. గుడారంలో చలిని ఒంటిపొర గుడ్డ ఏం ఆపుతుంది?

నా కళ్ళకు సూది బెజ్జం ఆనదు. ఎక్కించి ఇచ్చేవాళ్ళు ఇంట్లో లేరు. గడపలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళను పిలిచేదాన్ని. ఆగినవాళ్ళ చేత ఉన్న సూదులన్నింటికీ ఒకేసారి దారం ఎక్కించుకునేదాన్ని. అవి అయిపోతే మళ్ళీ ఎవరో ఒకరు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమే.

కుడుతుంటే ఒకచోట వేలికి ముడి తగిలింది. నేసేటప్పుడు పోగు తెగితే ఆయన వేసుకున్న ముడి. ఇన్నేళ్ళు ఉతికాను, నా కంటబడలేదు. బతికుంటే ఎగతాళి చేసేదాన్ని. ఆ ముడి బిడ్డకు గుచ్చుకోకుండా లోపలి మడతలోకి తిప్పి కుట్టాను.

బొంతలు పట్టుకుని మళ్ళీ బడికి పోయాను. పంతులమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో నొక్కింది.

"లోపలేముందవ్వా?"

"పైనా కిందా కొత్తది. లోపలేముందో మళ్ళా అడగద్దు. అడిగితే నేను అబద్ధం సెప్పను."

ఆమె నా ముఖం చూసింది. బొంతను చెంపకు ఆనించుకుంది.

"శానా మెత్తగుందవ్వా," అంది. ఇంకేమీ అడగకుండా అన్నింటినీ అట్టపెట్టెలో పెట్టింది.

"సబ్బుల పక్కన పెట్టద్దు. వాసన పడతాది," అన్నాను.

అవి ఎవరికి చేరాయో నాకు తెలియదు. చేరాయో లేదో కూడా తెలియదు. టీవీలో గుడారాలు చూపించినప్పుడు పక్కింటి గడపలో నిలబడి, పసిబిడ్డలున్న చోటు వెతుకుతాను. ఇంతలో చానెల్ మార్చేస్తారు.

ట్రంకుపెట్టె ఖాళీ అయింది. ఊరికే ఉండటమెందుకని జొన్నలు పోశాను. వేపాకు వాసనకు పురుగు పట్టలేదు. పిండి పట్టించుకోవడానికి మూత ఎత్తినప్పుడల్లా చెయ్యి ముందు అడుగుదాకా దూరి తడుముతుంది. ఆ తర్వాతే జొన్నలు తీస్తాను. ఒక్కదానికి ఎన్ని కావాలి? చిన్న చేటలో సగం కూడా నిండవు.