పచ్చపామును నిమిరిన చేయి

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు ఆ మనిషికి కడుపునిండా అన్నం పెట్టి పడుకోబెట్టమనేదాన్ని. ఈ రోజుకీ నాది అదే మాట. నేను తాయెత్తు కట్టుకున్నదీ లేదు, దిష్టి తీయించుకున్నదీ లేదు. అలాంటిదాన్ని ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. జనం నవ్వుతారని కాదు. ఇందులో నేను చేసిన పాడుపని కూడా ఉంది, అందుకు.

నా పేరు షంషాద్. మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. 2003లో షార్జాలో ఒక అరబ్బుల ఇంటికి వంటమనిషిగా వెళ్ళాను. వెళ్ళిన ఏడాదికే మా ఆయన ఇంకో నిఖా చేసుకున్నాడు. నా పొయ్యి, నా గిన్నెలు, మా అమ్మ ఇచ్చిన రుబ్బురోలు, అన్నీ ఆవిడ చేతికిందికి పోయాయి. అప్పటి నుంచి నాకు వంటగది అంటే షార్జాలోదే.

ఆ ఇంట్లో పెద్దాయనను బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేదాన్ని. అక్కడ పనివాళ్ళు యజమానులను అలాగే పిలుస్తారు. పిల్లలందరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు, ఉన్నది వాళ్ళిద్దరే. నేను వండి పెడితే వేళ్ళు నాకుతూ తినేవాళ్ళు. గొప్పలు కాదు, ఉన్నమాట.

ఉద్యోగం అయిపోయాక బాబాకు పాముల పిచ్చి పట్టుకుంది. పక్షుల మార్కెట్ నుంచి రెండు పచ్చపాములు తెచ్చి హాల్లో గాజుపెట్టెలో పెట్టాడు. చిటికెనవేలంత లావు, లేత అరటాకు రంగు. విషం లేదట, మిడతలు, పురుగులు తప్ప ఏమీ తినవట. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకదాన్ని మణికట్టుకు చుట్టుకుని టీవీలో వార్తలు చూసేవాడు. దాని ముఖం చూసి నవ్వినంతగా మామా ముఖం చూసి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పెట్టె కడగమంటే నా వల్ల కాదని ఖరాఖండిగా చెప్పేశాను. ఆ మొండితనమే నా కొంప ముంచింది. పెట్టె కడగడానికీ, ఇల్లు ఊడవడానికీ ఇంకో మనిషిని తెచ్చారు.

ఆమె పేరు సువార్త. రాజోలు వైపు మనిషి, నాకంటే ఐదారేళ్ళు చిన్న. పసిరిక పాము కళ్ళే పొడుస్తుందని వాళ్ళ ఊళ్ళో అంటారట. మొదటి వారమంతా బాబా నల్లకళ్ళద్దాలు అడిగి పెట్టుకుని మరీ పెట్టె కడిగింది. నేను పడీపడీ నవ్వాను. నెల తిరిగేసరికి ఆ రెంటినీ చేతుల మీద పాకించుకుంటూ, పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడేది. నన్ను అక్కా అనేది. తెలుగు మాట్లాడే తోడు దొరికిందని నేనూ సంబరపడ్డాను. అబద్ధమెందుకు చెప్పాలి.

2006 ఎండాకాలంలో నాకు జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. సువార్త వండింది. వాళ్ళ వైపు పులుసుల్లో బెల్లం వేస్తారు. బెల్లం లేదని ఆమె దిబ్స్ వేసింది, అంటే అక్కడ దొరికే ఖర్జూరపు పాకం. చేపల కూరలో ఒక చెంచా, మాంసం అన్నంలో ఒక చెంచా. నాకు కూరలో తీపి తగిలితే ఒళ్ళు మండుతుంది. బాబా మాత్రం రెండోసారి వడ్డించుకుని, ఎవరు వండారని అడిగాడట. మూడేళ్ళలో నా వంటకు ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు.

జ్వరం తగ్గి లేచేసరికి శుక్రవారం వంట సువార్తదైంది. తర్వాత మంగళవారం కూడా. నేను ఉల్లిపాయలు తరుగుతూ నిలబడితే ఆమె నా గరిటె పట్టుకుని నా పొయ్యి ముందు నిలబడేది. నాకు కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టను. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు ఉండేది. ఒక వంటగది ఇంకొకతెకు పోయిందని ఏడ్చి రెండేళ్ళు తిరిగాయో లేదో, రెండోది కూడా పోతోంది.

అదే సమయంలో మామా మా ఇద్దరినీ పిలిచి, రంజాన్ తర్వాత ఇద్దరి వీసాలూ అయిపోతున్నాయి, ఒకరినే ఉంచుకుంటాం అని చెప్పింది. ఎవరినో చెప్పలేదు. చెప్పక్కర్లేదనిపించింది నాకు. ఇంటికి పోతే నాకు మిగిలింది మా చెల్లెలి వసారా.

అప్పుడు మా జేజి, అంటే మా నాయనమ్మ, చెప్పిన మాట గుర్తొచ్చింది. మా వైపు ఒక నమ్మకముంది. పచ్చపామును తల నుంచి తోక దాకా నిమిరితే ఆ చేతికి రుచి వస్తుందట. నిమిరే చేయి వంటలో ఉన్న చేయే అయి ఉండాలి, కడుక్కుంటే పలకదట. మా ఊళ్ళో కంచెల్లో పచ్చపాము కనిపిస్తే, ఎవరైనా పట్టుకుంటే, కొత్త కోడళ్ళు వరుసగా నిలబడి నిమిరేవాళ్ళు. నేనెప్పుడూ నిమరలేదు. సువార్త రోజూ రెంటినీ నిమురుతోంది! అందుకే ఆ రుచి అని నా బుర్రలో పడింది. నమ్మలేదు. నమ్మకుండానే ఊరుకోలేకపోయాను.

అక్కడ శుక్రవారమే సెలవు కాబట్టి చర్చి కూడా ఆ రోజే. ఆ శుక్రవారం సువార్త ఎప్పటిలా పొద్దున్నే చర్చికి వెళ్ళింది. బాబా నమాజుకు వెళ్ళాడు, మామా గదిలో ఉంది. నేను ఎండుమిరపకాయలు నూరుతూ, ఆ చేత్తోనే లేచి హాల్లోకి నడిచాను. జేజి కడగొద్దంది కాబట్టి కడుక్కోలేదు. పెద్దపామును ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో నిమిరాను. చల్లగా, మెత్తగా ఉంది. సగానికి వచ్చేసరికి మెలికలు తిరిగింది. వదల్లేదు, తోక దాకా నిమిరి మరీ పెట్టెలో వేశాను.

మర్నాడు పొద్దున్న అది చచ్చి పడి ఉంది. సాయంత్రానికి ఒళ్ళంతా నీలంగా మారింది. ఇందులో వింతేమీ లేదట, ఈ జాతి పాములు చచ్చాక అలాగే మారతాయని తర్వాత మార్కెట్‌లో అమ్మే అతను చెప్పాడు. కారం వల్లే చచ్చిందో, దాని ఆయుష్షే తీరిందో నాకు తెలియదు.

బాబా ఆ రోజంతా అన్నం ముట్టలేదు. పాముల బాధ్యత సువార్తది కాబట్టి నింద ఆమె మీద పడింది. ఏం పెట్టావు, ఏం చల్లావు అని మామా గట్టిగా అడుగుతుంటే నేను వంటగది గుమ్మంలో నిలబడి విన్నాను. నోరు తెరవలేదు. రంజాన్ దాకా కూడా ఆగలేదు, పదిహేను రోజుల్లో ఆమెకు టికెట్ తీశారు.

వెళ్ళే రోజు సంచి సర్దుకుని నా దగ్గరికి వచ్చింది. "అక్కా, పాతిపెట్టేటప్పుడు దాని ఒంటి మీద మిరపకాయ ఘాటొచ్చింది. నేనెవరితోనూ అనలేదులే," అంది. కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆమె వెళ్ళాక వచ్చిన మొదటి శుక్రవారం నా పొయ్యి ముందు నేనే నిలబడి, నా పద్ధతిలో మాంసం అన్నం వండాను. దిబ్స్ సీసా ముట్టలేదు. బాబా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తి, "సువార్త వెళ్ళలేదా?" అన్నాడు. వంటగదిలోకి వచ్చి గిన్నె అడుగు గీకి నోట్లో వేసుకున్నాను. ఆమె చేతి తీపి, అచ్చంగా అదే.

చేపల కూర వండినా అంతే. పప్పు వండినా అంతే. గిన్నెకు పట్టి ఉందేమోనని కొత్త గిన్నెలు తీశాను. సీసా చెత్తలో పడేశాను. తర్వాతి ఏడాది బాబాకు షుగర్ తేలితే, నేను దొంగతనంగా తీపి కలుపుతున్నానని మామా వారం రోజులు పక్కన నిలబడి కాపలా కాసింది. నేను ఉప్పు, కారం, పులుపు తప్ప ఏమీ వేయడం లేదని ఆవిడే కళ్ళారా చూసింది. తిని చూసింది, తీపి ఉంది. బాబాకు రక్తపరీక్షలో మాత్రం చక్కెర పెరగలేదు, తగ్గింది. ఆవిడ నన్ను అదోలా చూసి కాపలా మానేసింది.

సువార్త వెళ్ళాక ఆ ఇంట్లో రెండేళ్ళు ఉన్నాను. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ సువార్త వంట బాగుందని మెచ్చుకుని వెళ్ళేవారు. నేను పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని.

2008లో ఇంటికి వచ్చేసి, చెల్లెలి ఇంట్లో మా నెల్లూరు చేపల పులుసు పెట్టాను. అదైనా నాదవుతుందని ఆశ. చెల్లెలు రెండు ముద్దలు తిని, "ఇదెక్కడ నేర్చినావక్కా, గోదారోళ్ళ మాదిరి బెల్లమేసినావే," అంది. ఆ ఇంట్లో ఆ రోజు బెల్లం ముక్క లేదు.

ఇప్పటికీ పులుసు దించి నాలుక మీద వేసుకుంటే ముందు ఆ తీపే తగులుతుంది. ఎలా వస్తుందో నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పిందీ లేదు. సువార్త నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి, నీ వంట ఎలా ఉందమ్మా అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మునుపటిలాగే బాగుందంటే ఓర్చుకోలేను. రుచి పోయిందక్కా అంటే అసలే ఓర్చుకోలేను. అందుకే ఇంతవరకూ అడగలేదు.