ఒడ్డునే నిలబడ్డ పిల్ల

ఇందాక మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, "రీడ్ అవుట్ అంటే ఏంటమ్మా?" అంది. "నలుగురికీ వినపడేలా పైకి చదవడం" అని చెప్తుంటే ముక్కుకి చేపల వాసన తగిలింది.

కలిదిండి స్కూల్లో నాతో ఏడో తరగతి చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. టీచరుగారు ఆ మాట బోర్డు మీద రాసి, "హాజరు పేర్లు రీడ్ అవుట్ చేస్తాం, ఉత్తరం రీడ్ అవుట్ చేస్తాం. మనసులో చదువుకుంటే అది రీడ్ అవుట్ కాదర్రా" అన్నారు. రోజూ ఇంట్లో ఒకరికి పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, సంతకం పెట్టించుకు రమ్మన్నారు.

మా అమ్మ పెరట్లో బొచ్చె చేప పొలుసు గీకుతూ వినేది. నేను రోజూ మొదటి పేరానే చదివేదాన్ని. ఒక పిల్ల ఏటి ఒడ్డున పడవ కోసం నిలబడింది. అంతే, సంతకం! అమ్మ ధ్యాసంతా చేప మీదే కదా అని నా ధీమా.

ఎనిమిదో రోజు అమ్మ పెన్ను పుచ్చుకోలేదు.

"వారం రోజుల్నించీ ఆ పిల్ల ఒడ్డునే నిలబడుందే. కాళ్లు పీకవూ? ఇవాళైనా పడవెక్కించు."

సిగ్గుపడుతూ పేజీ తిప్పాను. ఆ పిల్ల అవతలి ఒడ్డున దిగేదాకా అమ్మ సంతకం పెట్టలేదు. పెట్టాక చూస్తే పేజీకి ఒక పొలుసు అంటుకుని ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి ఒక పేరా పైకి చదివి, పుస్తకం మూసేసింది. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ కేక:

"తర్వాతేమైందే?"