ఆసామి కూర్చున్న కుర్చీ

పొట్ట చేతబట్టుకుని పరాయి రాష్ట్రం వచ్చిన తెలుగు నేతగాళ్ల పేట మా ఉధ్నా. ఇక్కడ మనుషులు మూడు రకాలు. నూలు ఇచ్చేవాడు సేఠ్. సాంచ, అంటే మరమగ్గం, నడిపి కూలి తీసుకునేవాడు కార్మికుడు. ఈ ఇద్దరి నడుమ, సొంతంగా నాలుగో ఆరో సాంచలు పెట్టుకుని, సేఠ్ నూలు తెచ్చి, మనుషులను పెట్టి బట్ట నేయించి తిరిగి అప్పగించేవాడు ఆసామి. మా బాపు ఆసామి. తొంభైల మొదట్లో ఆ మాట చెప్పుకోవడానికి నాకెంత టెక్కో! కార్మికుల పిల్లలు మునిసిపాలిటీ తెలుగు బడికి నడిచి వెళ్తుంటే నేను కిక్కిరిసిన ఆటోలో ఇంగ్లిష్ మీడియానికి పోయేదాన్ని. ఆదివారం డుమస్ సముద్రతీరానికి వెళ్తే వాళ్లు బస్సు దిగేవాళ్లు, మేము బాపు స్కూటర్ దిగేవాళ్లం. తినేది మాత్రం అందరం ఒకే బండి దగ్గర టమాటా భజియాలే.

నేను పదో తరగతికి వచ్చేసరికి మాకు నూలిచ్చే సేఠ్ ఆల్థాన్‌లో కొత్త బంగళా కట్టాడు. కొత్త షెడ్డు కూడా వేసి, అటూ ఇటూ పరిగెత్తే నాడె లేకుండా నీటి ధారతోనే పోగు విసిరే మిషన్లు తెప్పించాడు. వాటి వేగం ముందు మా సాంచలు ఏ మూలకు? ఇక మాకు నూలు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఎంతొస్తుందో తెలియదు. సేఠ్ ఏనాడూ ఇవ్వనని అనలేదు. "కల్ ఆవో", రేపు రా, అనేవాడు. పొమ్మనలేక పొగ పెట్టడం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

నూలు లేని రోజు కూడా బాపు షెడ్డుకు వెళ్లేవాడు. ఆగిపోయిన సాంచల మధ్య తిరిగి, నూనె పోసి, తుడిచి, ఇంటికొచ్చి మళ్లీ గదిలో తిరిగేవాడు. చప్పుడు లేకపోతే ఆయనకు కూర్చోవడం చేతకాదు. ఆయన్ని చూసి నాకూ పుస్తకం మీద మనసు నిలిచేది కాదు, లేచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గరి నుంచి గుమ్మంలోకి.

"ఏందయ్యా, కాలుగాలిన పిల్లి లెక్క! జర కూసో. నిన్ను చూసి చూసి నా మెడ గుంజుతాంది" అనేది అమ్మ.

"కూసుంటె నూలొస్తదా?"

"తిరిగితె వస్తాందా మరి? అవి అమ్మేసెయ్. ఏదో ఒక పనికి పో. అందరు పోతలేరా?"

బాపు అప్పుడు ఆగాడు. "సాంచలు అమ్మితె నేనెవన్నే? ఊర్లె కూలికి నేసి నేసి, గీడికొచ్చి గింత ఆసామినైన. మల్ల కూలికే పొమ్మంటవా?"

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. నాకు మాత్రం ఆమె మీద ఒళ్లు మండింది. బాపు ఇంకెవరో అయిపోతే నేనెవరిని అన్న భయం, దానికి కోపం తోడు. మా గల్లీలో ఆసామి ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఎవడో ఒకడు పైకెక్కి సేఠ్‌ల వరసలో చేరాడు. మిగిలిన వాళ్లంతా కిందికే. నడుమ నిలబడే చోటే లేకుండా పోతోంది.

ఆఖరికి బాపు చేతులెత్తేశాడు. సాంచలను సాంచలుగా కొనేవాడు దొరకలేదు. పాత ఇనుము కొనే భంగార్ వాడు వచ్చి అక్కడే సమ్మెటతో పగలగొట్టి, ఇనుము లెక్కన తూకం వేసుకుని పోయాడు. మర్నాడు సేఠే కబురు పెట్టాడు, కొత్త షెడ్డులో పనికి రమ్మని. పెద్ద మనసు చేసుకున్నానని ఆయన అనుకుని ఉంటాడు. బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని పాళీకి, అంటే షిఫ్టుకు, పోవడం మొదలుపెట్టాడు.

ఆ దీపావళికి కొత్త షెడ్డులో పూజ. సేఠ్ ఏటా పూజ అయ్యాక మిఠాయి పంచుతాడు. ఆసామిలు ముందు కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లకు ఎండుఫలాల పెట్టె, దానితోపాటు సేఠ్ తమ్ముడు చేయి కలిపి "సాల్ ముబారక్, ఆసామీ" అని కొత్త ఏడాది శుభాకాంక్షలు చెప్పడం. కార్మికులు గోడ పక్కన వరసలో నిలబడతారు. వాళ్లకు మిఠాయి డబ్బా. ఇది ఎవరూ చెప్పనక్కరలేదు, అందరికీ తెలిసిందే.

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటపెట్టుకుని లోపలికి నడిచాడు. నడిచినవాడు నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఏళ్ల అలవాటు. ఆ ఏడాది మూడే కుర్చీలు వేశారు. లెమ్మని చెప్పబోయి, ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను.

సేఠ్ తమ్ముడు మొదటి ఆసామికి పెట్టె ఇచ్చాడు, రెండో ఆసామికి ఇచ్చాడు. బాపు ఎదుటికి వచ్చి ఆగాడు. నవ్వు మొహంతోనే నిలబడి గోడవైపు చూశాడు, అంతే. బాపు గబుక్కున లేచాడు. కుర్చీ కింద పడితే తనే ఎత్తి సరిగ్గా పెట్టి, వరస చివరికి నడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

వరస చివర ఉన్నవాడు మా దగ్గర పనిచేసి వెళ్లిన మనిషే. వెనక్కి జరిగి, "ఆసామీ, మీరు నా ముందల నిలవడుండ్రి" అన్నాడు.

"వద్దు తమ్మీ. నీ ఎన్కనే మంచిగున్నది" అన్నాడు బాపు.

డబ్బాలు పంచుతూ సేఠ్ తమ్ముడు మా దాకా వచ్చాడు. పక్కనే గుమాస్తా ఒక్కొక్కరి పేరూ పైకి పిలుస్తున్నాడు. బాపు దగ్గర గుమాస్తా ఆగి సేఠ్ తమ్ముడి వైపు చూశాడు. ఆయనకూ తెలియలేదు. "కాకా, నామ్ క్యా హై ఆప్‌కా?" అని సేఠ్ తమ్ముడే పేరు అడిగాడు.

బాపు ఇంటిపేరుతో సహా చెప్పి డబ్బా అందుకున్నాడు.

బయటికి రాగానే నేను ఆగలేకపోయాను. "బాపూ, గా పనికి మల్ల పోకు. గిన్నేండ్లు చేతిల చెయ్యేసిండు, నీ పేరు సుత తెల్వదు వానికి!"

"ఎట్ల తెలుస్తది బిడ్డా, ఆసామిని పేరు వెట్టి ఎవరు పిలుస్తరు?" అంటూ బాపు డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఇగ పేరు వెట్టే పిలుస్తడు తియ్."