ఏడో గదికి షట్టరు లేదు

కంప్యూటర్ ఆటలో నేనొక ఊరు కట్టాను. డిగ్రీ చదివే ఆడపిల్ల సాయంత్రాలు కూర్చుని బొమ్మల ఊరు కట్టడమేమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి. నేను ఆ ఊరు కట్టకపోతే మా జగ్గయ్యపేటలో ఒక ఖాళీ స్థలానికి ఈపాటికి దారి ఉండేది కాదు.

మాది మిరపకాయల వ్యాపారం. రోడ్డు మీద కొట్టు, దానికి ఆనుకుని గోడౌను, గోడౌను పక్కన రోడ్డు వెంబడి పొడుగ్గా మాదే ఒక స్థలం. పెనుగంచిప్రోలు వైపు నుంచి రైతులు తెచ్చిన కాయల్లో తడి ఉంటే నాన్న వాటిని ఆ స్థలంలోనే పరదాలు పరిచి ఆరబోయించేవాడు. మాఘమాసం మొదలు ఎండలు ముదిరేదాకా అక్కడ నేల కనబడేది కాదు, అంతా ఎరుపే. మిగతా నెలల్లో అది ఆడపిల్లలది.

ఆడపిల్లలదని ఎవరూ రాసివ్వలేదు. మగపిల్లలు క్రికెట్టు ఆడాలంటే బస్టాండు వెనక్కి పోతారు, పాలేటి ఒడ్డుకి పోతారు, ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్లుండరు. ఆడపిల్లల్ని పంపరు. షావుకారు గారి స్థలం, పక్కనే కొట్టు, చుట్టూ తెలిసినవాళ్లు అనుకుని మా వీధి తల్లులు ధైర్యంగా పంపిన చోటు అదొక్కటే. అక్కడ మేం రింగాట ఆడేవాళ్లం. టెన్నికాయిట్ అని దాని బడి పేరు. రెండు కర్రల మధ్య తాడు కట్టి, రబ్బరు రింగుని దాని మీదుగా అటూ ఇటూ విసురుకోవాలి. ఒంటి చేత్తో పట్టాలి, ఆ చేత్తోనే విసరాలి, కింద పడనివ్వకూడదు. గీతలు ముగ్గుపిండితో మేమే వేసుకునేవాళ్లం.

మా చెల్లి నాకంటే ఆరేళ్లు చిన్నది, ఆటలో మాత్రం నాకంటే పెద్దది. కాయలు ఆరబోసిన రోజుల్లో కూడా సాయంత్రానికి వెళ్లి స్థలం అంచున నిలబడేది. "అక్కా, మధ్య గీత ఆ పరదా కిందుంది. వెనక గీత అదుగో, ఆ కుప్ప దగ్గర. నాకు కనబడతానే ఉంది" అనేది. ఘాటుకి తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ మరీ చూసేది. లేని రింగుని చెయ్యి చాపి పట్టుకునేది కూడా. పిచ్చిపిల్ల అని హమాలీలు నవ్వేవాళ్లు.

డిగ్రీకి నేను రోజూ బస్సులో నందిగామ వెళ్లొచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్త, ఎక్కడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. కొట్టు పనికి పనికొస్తుందని చెబితే నాన్న నన్నూ నందిగామలోనే ఒకదాంట్లో చేర్పించాడు. ఇన్‌స్టిట్యూట్ అంటే మేడ మీద ఒక గది, ఆరు కంప్యూటర్లు, చెప్పులు బయట విడిచి రావాలన్న కాగితం. మూలనున్న కంప్యూటర్లో ఊళ్లు కట్టే ఆట ఉండేది. పాఠం ముందుగా ముగించినవాళ్లని సార్ దాని దగ్గర కూర్చోనిచ్చేవాడు. నేను రోజూ ముందే ముగించేదాన్ని.

ఆ ఆటలో ముందు ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు వేయాలి, నీళ్లూ కరెంటూ ఇవ్వాలి, ఇళ్లకీ కొట్లకీ చోటు చూపించాలి. ఆ తర్వాత జనం వాళ్లంతట వాళ్లే వచ్చి చేరతారు. ఊరు బాగా పెరిగితే, రాబోయే కాలంలో ఉంటాయనుకునే కట్టడాలు ఒక్కొక్కటే మన చేతికొస్తాయి. వాటిలో ఒకటి ఆటల పార్కు. దాన్ని చూశాక నాకు ఇక వేరే ధ్యాస లేదు. లోపల ఉత్త బయలు. తాడు లేదు, కర్రల్లేవు, గీతల్లేవు. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర ఒకరకం కళ్లద్దాలు పెట్టుకుంటారు. పెట్టుకోగానే నేల మీద వెలుగు గీతలు లేస్తాయి, గాల్లో బంతి కనబడుతుంది, ఎదుటి జట్టు కనబడుతుంది. అదే నేల మీద ఒకరు పరుగుపందెంలో ఉంటే ఇంకొకరు బంతి కొడుతుంటారు. బొమ్మ పక్కనున్న ఇంగ్లీషు చదివి సార్ ఇదంతా నాకు వివరించాడు.

"ఇలాంటివి నిజంగా వస్తాయాండీ?" అని అడిగాను.

"వస్తాయేమోనమ్మా. మనం చూస్తామో లేదో" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ కళ్లద్దాలు లేకుండానే మా చెల్లి మిరపకాయల కింద గీతలు చూస్తోందని ఆయనకు తెలియదు.

ఆ పార్కు తెచ్చుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఊరి నడిమధ్య, గుమ్మం ఈశాన్యానికి వచ్చేట్టు పెట్టాను. మా ఇంట్లో పుట్టినవాళ్లకి ఆ మాత్రం వాస్తు అడక్కుండానే వస్తుంది. పార్కు పక్కనున్న రోడ్డు పెద్ద రోడ్డు. ఇక నేను ఊరుకుంటానా, దాని వెంబడి వరసగా కొట్లు పెట్టుకుంటూ పోయాను. చివరికి మధ్యలో ఒక్క గడి మిగిలితే అందులోనూ కొట్టే పెట్టాను. రోడ్డు వైపు ముఖమున్న జాగా ఖాళీగా కనబడితే మావాళ్లకి అన్నం సహించదు.

మూడు రోజులు చూశాను. పార్కులోకి ఒక్క మనిషి రాలేదు. కరెంటు ఇచ్చాను, నీళ్లిచ్చాను, చుట్టూ చెట్లు కూడా పెట్టాను. ఆఖరికి సార్‌ని పిలిచాను. ఆయన వంగి కాసేపు చూసి, "దారేదమ్మా?" అన్నాడు.

చివర మిగిలిన ఆ ఒక్క గడే పార్కుకి దారి. దాని మీద నేను కొట్టు కట్టేశాను.

"ఎంతైనా షావుకారు గారమ్మాయివి" అని సార్ నవ్వాడు. గదిలో ఉన్న అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కోపం వాళ్ల మీద కాదు. ఆడుకునే చోటుకోసం అన్నాళ్లు కష్టపడి, దాని గుమ్మం నా చేత్తోనే మూసేశాను. నన్నడక్కుండానే చెయ్యి ఆ పని చేసేసింది.

సరిగ్గా ఆ వారమే మా ఇంటికి ఒక ప్లాను వచ్చింది. మా స్థలంలో రోడ్డు పొడుగునా నాన్న పన్నెండు షాపు గదులు కట్టించబోతున్నాడు. మిగతా మూడు వైపులా ఎటూ గోడలే, ఒకటి మా గోడౌనుది, రెండు పక్కవాళ్లవి. గదుల వెనక మిగిలిన నేల కాయలు ఆరబోయడానికి. కాగితాన్ని మంచం మీద పరుచుకుని చూశాను. పన్నెండు గదులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నేను ఆటలో చేసిన తప్పునే ఆయన ఇంజనీరుని పెట్టి గీయించాడు.

"నాన్నా, లోపలికి దారేది?"

"గోడౌన్లోంచి ఉందిగా."

"హమాలీలు తిరిగే చోట్నించి ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు?"

"పంపకపోతే మానేస్తారు. ఇప్పుడు వాళ్ల ఆటలకోసం ఒక గది వదులుకోమంటావా?"

మాటలతో లాభం లేదు, కళ్లతో చూస్తే ఆయనకే తెలుస్తుందనుకున్నాను. ఏదో పని మీద నందిగామ వచ్చినప్పుడు నాన్నని మేడ మీదికి తీసుకెళ్లి ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. సార్ కుర్చీ తుడిచి మరీ వేశాడు. నాన్న వెనక్కి ఆనకుండా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కొట్లు బాగా పెట్టావు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ తర్వాత పార్కుని చూపించి, "ఆ పెద్ద జాగాలో ఏం ఆరబోస్తారు?" అని అడిగాడు.

"ఏమీ ఆరబొయ్యరు నాన్నా. ఆడుకుంటారు."

"మరి ఎవరూ లేరే."

"దారి లేదు. ఇప్పుడు చూడు."

నేను ఆ చివరి కొట్టుని కూల్చేసి, దాని చోట రోడ్డు వేశాను. కాసేపటికి చీమలంత మనుషులు కదిలారు. ఒకరి వెనక ఒకరు లోపలికి పోయారు. నేల మీద గీతలు వెలిగాయి. నేను వాటినే చూస్తున్నాను. నాన్న మాత్రం కూలిన కొట్టు చోటే చూస్తున్నాడు.

"ఒక కొట్టు పోయింది."

"పోయింది."

"దానివల్ల మిగతా కొట్లకి బేరాలు పెరిగాయా?"

పెరిగాయని అంటే ఆ రోజే పని అయిపోయేది. తెర మీది ఇంగ్లీషు అంకెలు ఆయనకు అర్థం కావు, నేనేం చెబితే అది నమ్మేవాడు. కానీ పెరగలేదు. పెరగలేదనే చెప్పాను. అబద్ధమాడటం చేతకాక కాదు. ఆడుకోవడానికి లాభం చూపించాల్సిన పనేమిటని నాకు ఒళ్లు మండింది. మగపిల్లల్ని పాలేటి ఒడ్డున ఎవరైనా లాభం అడిగారా? అప్పుడూ నాది ఇదే మాట, ఇప్పుడూ ఇదే.

"పెరగనప్పుడు ఎందుకమ్మా" అని నాన్న లేచాడు.

గదులకి శంకుస్థాపన జరిగింది. గోడలు మోకాళ్ల ఎత్తు లేచినప్పుడు పిల్లలు వాటిని దాటి లోపలికి వచ్చేవాళ్లు. నడుమెత్తు లేచాక మేస్త్రీ కేకలేయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కళ్లే మానేశారు. ఒక సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి చెల్లి ఒక్కతే లోపల ఉంది, గోడౌన్లోంచి వెళ్లినట్టుంది. రింగుని గోడకేసి కొట్టి, దొర్లుతుంటే వెళ్లి తెచ్చుకుంటోంది.

"గోడ తిరిగి విసరదక్కా" అంది.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి, అదే ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా చేరేవాళ్లకి పాఠం చెప్పే పనిలో కుదిరాను. మొదటి జీతం చేతికొచ్చింది. దాంతో ఏం చెయ్యాలో చెల్లి ఆ మాట అన్నప్పుడే తేల్చుకున్నాను.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. పొద్దున కొట్టు తెరిచి, దేవుడి పటానికి అగరొత్తులు చూపించాక వచ్చే మొదటి బేరం బోణీ. బోణీ బేరాన్ని తిప్పి పంపకూడదు. మిగిలేది లేకపోయినా ఇచ్చి పంపాలి, వచ్చిన డబ్బు కళ్లకద్దుకోవాలి. తిప్పి పంపితే ఆ రోజంతా కొట్టు ఈగలు తోలుకోవాల్సిందేనని నమ్మకం. నాన్న ఎన్నిటికి సర్దుకుపోయినా ఈ ఒక్కటీ తప్పగా నేను చూడలేదు.

ఆ పొద్దున నేను ఇంట్లోంచి కొట్లోకి ఉన్న గుమ్మంలోంచి వెళ్లలేదు. చుట్టూ తిరిగి వీధిలోంచి వెళ్లాను. చెప్పులు మెట్టు కింద విడిచి, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడ్డాను. లోపలికి రమ్మని గుమాస్తా చెయ్యి చూపించాడు. నేను కదల్లేదు.

"షావుకారు గారూ, ఒక గది అద్దెకి కావాలండీ."

నాన్న తలెత్తాడు. "ఏంటమ్మా పొద్దున్నే ఈ వేళాకోళం?"

"వేళాకోళం కాదండీ. ఏడో గది. ఇదుగో మొదటి నెల అద్దె. బోణీ బేరం."

నోట్లు బల్ల మీద పెట్టాను. అగరొత్తులు ఇంకా కాలుతున్నాయి. గుమాస్తా వెంటనే ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. నాన్న ముఖం జేవురించింది. నాకు భయమేసింది, దాచడమెందుకు. వెనక్కి తగ్గే ఉద్దేశం మాత్రం లేదు. వీధిలో ఎవరో రైతు సైకిలుకి స్టాండు వేస్తున్నాడు. ఆ రైతు చూస్తుండగా నాన్న నన్ను తిప్పి పంపితే బోణీ బేరం తిప్పి పంపినట్టు బజారంతా తెలుస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు.

"గది తీసుకుని ఏం చేస్తావు?"

"అద్దె ఇచ్చేవాళ్లని మీరు అదెప్పుడూ అడగరు కదండీ."

"షట్టరు నువ్వే వేయించుకోవాలి."

"షట్టరు వద్దు. వెనక లేచిన గోడా తీయించెయ్యండి. రెండు వైపులా వదిలెయ్యండి చాలు."

నాన్న నా వైపు చూడలేదు, దేవుడి పటం వైపు చూశాడు. తర్వాత నోట్లు తీసి కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇంట్లో మా అమ్మ మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది.

గదులు పూర్తయ్యాయి. పదకొండింటికి షట్టర్లు వచ్చాయి. ఏడోది ఇటు రోడ్డు నుంచి అటు నేల కనబడేలా తెరిచే ఉంది. మొదటి రోజు చెల్లి ఒక్కతే వచ్చింది, రెండో రోజు నలుగురు, వారం తిరిగేసరికి రెండు జట్లు. ముగ్గుపిండి గీతలు మళ్లీ పడ్డాయి. కాయల రోజులొస్తే పరదాలు పరుచుకునేవి, పోగానే గీతలు తిరిగొచ్చేవి. ఇటుపక్క కొట్టువాడు తన అట్టపెట్టెలు ఆ దారిలో పెట్టబోతే నేనే స్వయంగా బయట పడేశాను. అద్దె కట్టేదాన్ని, నాకు హక్కుంది.

ఇన్‌స్టిట్యూట్‌లో ఆ మూల కంప్యూటర్ పాడై, బాగుచేసేటప్పుడు అందులో ఉన్నవన్నీ చెరిగిపోయాయి. నా ఊరూ, పార్కూ, ఆ కళ్లద్దాలూ అన్నీ పోయాయి. ఏడ్చాను. మళ్లీ కట్టలేదు.

ఆ తర్వాత మూడేళ్లు, ప్రతి నెలా జీతం రాగానే వీధిలోంచే వెళ్లి, బోణీ వేళకే అద్దె కట్టాను. నాన్న ప్రతిసారీ కళ్లకద్దుకునే తీసుకున్నాడు. అలా వెళ్లిన ఒక పొద్దున కొట్లో నాకంటే ముందు ఒకాయన కూర్చుని ఉన్నాడు. గుడ్డల కొట్టు పెట్టుకోవాలని గదికోసం వచ్చాడు.

"పదకొండూ నిండాయన్నారు, సరే. ఆ ఏడోదాన్ని అలా బోసిగా పాడుపెట్టారేంటండీ? నాకివ్వండి, మిగతావాటికంటే ఎక్కువే ఇస్తా" అన్నాడు. ఇంకా చెప్పాలంటే అడ్వాన్సు తీసి బల్ల మీద పెట్టేశాడు కూడా. ఆ రోజుకి అదే బోణీ.

నేను మెట్టు మీద ఆగిపోయాను. ఆయన్ని తిప్పి పంపే వీల్లేదు. నా ఎత్తు నాకే తిరిగొచ్చిందనుకున్నాను.

నాన్న ఆ డబ్బుని తాకలేదు. రెండు చేతులూ జోడించి, "తీసుకోండి. అది అద్దెకుందండీ" అన్నాడు.

"ఎవరికండీ? లోపల సరుకేం లేదుగా."

"ఆడపిల్లలకి."

ఆయన లేచి వెళ్లిపోయాడు. నాన్న బోణీ బేరాన్ని తిప్పి పంపడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. గుమాస్తా రాయడం ఆపేశాడు. నేను థాంక్స్ చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు, దారి ఇవ్వడం దయ అని నేననుకోను. కానీ చేతిలో ఉన్న అద్దె డబ్బుని చేతిలోనే ఉంచుకుని మెట్టు దిగిపోయాను. ఆ నెల నుంచి కట్టలేదు. ఆయనా అడగలేదు.